పురి దగ్గర మాస్కు తీసిన తమ్ముడు

మా తమ్ముడికి దగ్గు పట్టుకుందని తెలిసినప్పుడు వాడికంటే, వాడి పెళ్ళానికంటే ముందు బెంగ పెట్టుకున్నది నేను. వాడి ఒంట్లో పనిచేస్తున్న కిడ్నీ నేనిచ్చింది. రెండేళ్ళ క్రితం విజయవాడలో ఆపరేషన్ చేసి, నాకున్న రెండింటిలో ఒకటి తీసి వాడికి పెట్టారు. ఇచ్చినందుకు నన్నెవరూ పొగడక్కర్లేదు. తమ్ముడికి అక్క ఇవ్వకపోతే ఇంకెవరిస్తారు? కానీ ఆనాటి నుంచి వాడు పెంటపాడు పక్కన మా పుట్టినూళ్ళో తుమ్మినా, తాడేపల్లిగూడెంలో నాకు వినపడేది.

కిడ్నీ మార్పించుకున్నవాళ్ళు బతికినన్నాళ్ళూ కొన్ని మాత్రలు వేసుకోవాలి. బయటి అవయవాన్ని ఒళ్ళు ఒప్పుకోదట. తరిమేయాలని చూస్తుందట. అందుకని ఒంటికి ఉండే ఆ పౌరుషాన్ని మాత్రలతో అణిచి ఉంచుతారు. చుట్టాన్ని చూసి మొరుగుతోందని కాపలా కుక్కకు మత్తు పెట్టి పడుకోబెట్టడం లాంటిదన్నమాట. చుట్టం క్షేమంగానే ఉంటాడు. కాకపోతే దొంగ వచ్చినా ఆ కుక్క లేవదు.

మా వాడు ఈ సంగతి బాగా ఒంటపట్టించుకున్నాడు. చిన్నప్పుడు బడికి వెళ్ళమంటే గడ్డిమేటు చాటున దాక్కున్నవాడు, ఆపరేషన్ అయ్యాక ఎంత బుద్ధిమంతుడయ్యాడంటే చూసేవాళ్ళకు విసుగు పుట్టేది. కాచి చల్లార్చిన నీళ్ళే తాగేవాడు. పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేశాడు. చావులకు వీధిలోంచే దణ్ణం పెట్టి వచ్చేసేవాడు. చేను కౌలుకిచ్చేయరా అంటే మాత్రం వినలేదు. గట్టు మీద నిలబడి పని చెప్పుకుంటానన్నాడు. ఆ గట్టు మీదైనా మాస్కు తీసేవాడు కాదు. ఊళ్ళోవాళ్ళు వాణ్ణి ‘మాస్కు గారు’ అని పిలవడం మొదలుపెట్టారు. వాడు నవ్వి ఊరుకునేవాడు.

అలాంటివాడికి దగ్గు వచ్చింది. సాయంత్రమయ్యేసరికి జ్వరం. అన్నం సయించదు. గూడెంలో మేం ఎప్పుడూ చూపించుకునే డాక్టరు గారు ఎక్స్‌రే తీయించి, కుడి ఊపిరితిత్తి మీద మచ్చ ఉంది, టీబీ లాగుంది అని మందులు రాశారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే కాబోలు అనుకున్నాం. మరదలు వాడి గ్లాసు, కంచం విడిగా పెట్టింది. వాడు ఒక్క మాట అనకుండా విడి కంచంలో తిన్నాడు. ఆ మందులకు మూత్రం ఎర్రగా వచ్చింది కానీ జ్వరం తగ్గలేదు. ఒకరోజు నేను వెళ్ళేసరికి వాడు దగ్గి, తుడుచుకున్న రుమాలును మడిచి వీపు వెనక్కి దాచాడు. లాక్కుని చూస్తే నెత్తురు చార. ఇంక నేనెవరినీ అడగలేదు. మా బియ్యం కొట్టు మా ఆయనకు వదిలేసి, కారు మాట్లాడి, ఆ మొగుడూ పెళ్ళాల్నిద్దర్నీ ఎక్కించుకుని ఏలూరు తీసుకుపోయాను.

ఏలూరులో ఊపిరితిత్తుల డాక్టరమ్మ గారి పేరు మా బియ్యం కొట్టుకు వచ్చే ఒకావిడ చెప్పింది. చెప్పడం కూడా ఫిర్యాదులాగే చెప్పింది. “మంచి డాక్టరేనండీ, కానీ ఆవిడ దగ్గరికెళ్తే రోజంతా పోతుందండీ బాబూ, ఒక్కో మనిషినీ పెళ్ళిచూపుల్లో అడిగినట్టు అడుగుతారు” అని. ఆ మాట నిజమే. బయట బెంచీల మీద జనం ఈసురోమంటూ కూర్చున్నారు. లోపలికి వెళ్ళినవాళ్ళు ఓ పట్టాన బయటికి రావడం లేదు. పక్క గది డాక్టరు గారు అంతసేపట్లో ఓ పేటను చూసి పంపేస్తున్నారు. నాకు ఓపిక తక్కువ. నర్సుతో రెండుసార్లు గొడవ పెట్టుకున్నాను. మరదలు నా కొంగు పట్టుకుని లాగింది.

మా వంతు వచ్చింది. నలభై దాటని మనిషి. కాటన్ చీర, చేతికి వాచీ తప్ప ఇంకేం లేదు. ముఖంలో అలసట కనిపిస్తోంది గానీ గొంతులో లేదు. కిడ్నీ సంగతి చెప్పగానే కుర్చీ దగ్గరకు జరుపుకున్నారు. టీబీ మందుల చీటీ చూసి, “కళ్ళె పరీక్షలో టీబీ కనిపించిందా అండీ?” అని అడిగారు. లేదని, అయినా మందు మొదలుపెట్టారని చెప్పాను. గూడెం డాక్టరు గారిని నాలుగు మాటలనబోయాను కూడా. ఆవిడ చెయ్యి ఎత్తి ఆపారు.

“ఆయన తప్పు కాదండీ. మన వైపు ఇలాంటి మచ్చ చూస్తే ఎవరికైనా ముందు టీబీయే గుర్తొస్తుంది. ఇప్పుడు నాకూ అదే గుర్తొచ్చింది. అందుకే ఇంకాస్త అడుగుతాను, విసుక్కోకండి.”

తోటి డాక్టరు మీద ఒక చురక వేసి తన గొప్ప చూపించుకునే అవకాశం చేతికి అందించాను. ఆవిడ దాన్ని తాకనైనా తాకలేదు.

“ఈమధ్య ఎక్కడైనా దుమ్ములో తిరిగారా అండీ?” అని తమ్ముణ్ణి అడిగారు.

“లేదండి. మాస్కు లేకుండా గడప దాటనండి.”

“పశువుల కొట్టంలోకి గానీ?”

“పశువుల్ని ఎప్పుడో తీసేశామండి.”

“పాత గోడలు కొట్టించడం, ఇల్లు దులిపించడం?”

“అబ్బే, లేదండి.”

ఆవిడ ఎక్స్‌రేను మళ్ళీ వెలుతురుకు పెట్టి చూశారు. తర్వాత కలం కింద పెట్టేశారు. “సరేనండీ, జబ్బు సంగతి కాసేపు వదిలేద్దాం. తిండి ఎలా ఉంది? బియ్యం ఎక్కడివి వాడతారు?”

మా వాడి ముఖంలో చాలా రోజులకు కళ వచ్చింది. “మా ఇంటి బియ్యమేనండి. కొనుక్కుతినే ఖర్మ మాకింకా పట్టలేదండి” అన్నాడు. అని, బియ్యం కొట్టు నడిపే నా వైపు ఓ చూపు చూశాడు. ఆ నీరసంలోనూ వాడికి నన్ను దెప్పే ఓపిక ఉన్నందుకు నాకు సంతోషమేసింది.

“తిండిగింజలు ఎందులో ఉంచుతారు? బస్తాల్లోనా?”

“పురి కడతామండి. మా నాన్నగారి నాటి నుంచీ అంతేనండి.”

ఇప్పుడు మా వైపు పురి కట్టే ఇళ్ళు తగ్గిపోయాయి. కోత మిషను లోంచి ధాన్యం నేరుగా లారీలోకి పోతోంది. మా పుట్టింట్లో మాత్రం ఏడాది తిండికి సరిపడా ధాన్యాన్ని ఇప్పటికీ పాత పద్ధతిలోనే దాస్తారు. ఎండుగడ్డిని లావుపాటి తాళ్ళలా, వెంట్లుగా పేని, ఆ వెంట్లను గుండ్రంగా ఒకదాని మీద ఒకటి చుట్టుకుంటూ మధ్యలో ధాన్యం పోస్తారు. మనిషి కంటే ఎత్తు లేస్తుంది. దాన్ని విప్పి మొదటి తట్ట తీయవలసింది ఇంటికి పెద్దవాడు. మా నాన్న పోయాక ఆ పని మా తమ్ముడిది.

“ఈ యేడు వానకు తడిసిందా అండీ పురి?”

“పైన కప్పిన బరకం చిరిగి ఓ పక్క నానిందండి. పెద్దగా ఏం కాలేదు. కాస్త ముక్కిందంతే.”

“ముక్కిందని ఎలా తెలిసింది?”

“అదేంటండీ, వాసన చూస్తే తెలీదాండీ?” అని, మా వాడు చెయ్యి పిడికిలి బిగించి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని గుండె నిండా గాలి పీల్చి చూపించాడు. ధాన్యం మంచిచెడ్డలు తేల్చడంలో వాడి ముక్కును మించిన మిషను లేదని మా ఊళ్ళో పేరు. పీల్చిన గాలి లోపల అడ్డం పడి దగ్గు తెర వచ్చింది. మరదలు వీపు రాసింది.

దగ్గు ఆగేదాకా డాక్టరమ్మ గారు కదల్లేదు. ఆ తర్వాత మెల్లిగా అడిగారు. “మాస్కు ఉంచుకునే చూశారా అండీ?”

తమ్ముడు నా వైపు చూశాడు. ఇంత చదువుకున్నావిడ ఇలా అడుగుతారేమిటన్నట్టుంది వాడి ముఖం. నేనే జవాబిచ్చాను. “ధాన్యలక్ష్మి దగ్గరికి మూతికి గుడ్డ కట్టుకుని ఎవరెళ్తారండీ? చెప్పులు విడిచి, మాస్కు తీసి, దణ్ణం పెట్టుకునే విప్పుతాం.”

చెప్పేశాక నా మాట నాకే వినపడింది. వైద్యుడి దగ్గరా, వకీలు దగ్గరా అబద్ధమాడకూడదంటారు. మా వాడు ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. వాడి లెక్కలో దుమ్మంటే రోడ్డు మీద లేచేది. పురిలోంచి లేచేది దుమ్ము కాదు, అది లక్ష్మి. ఈ ప్రశ్నను పుస్తకంలో ఉన్నట్టు అడిగితే వాడు జన్మలో సరైన జవాబు చెప్పేవాడు కాదు. ఆవిడ తిండి దారిన తిరిగి వెళ్ళి ఆ గడ్డి కుప్ప ముందు నిలబడ్డారు.

నేనైతే తిట్టేదాన్ని. ఆవిడ తిట్టలేదు. “మాది మండవల్లి అవతలండీ, చేపల చెరువులు. మా నాన్నగారు కూడా మేత వేసేటప్పుడు చెరువు గట్టు మీదికి చెప్పులతో వెళ్ళరు” అన్నారు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పారు. తడిసిన గడ్డికీ గింజకూ బూజు పడుతుంది. ఆ బూజు నుసి గాల్లో లేస్తుంది. మనలాంటివాళ్ళం రోజూ పీలుస్తూనే ఉంటాం, ఒళ్ళు దాన్ని అక్కడికక్కడే చంపేస్తుంది. మా తమ్ముడి ఒంట్లో చంపేవాడు మాత్రల మత్తులో ఉన్నాడు. కాబట్టి ఆ బూజు ఊపిరితిత్తిలో కూర్చుని మొలకెత్తి ఉండొచ్చు. ఉండొచ్చు అన్నారు గానీ ఉందని అనలేదు.

“మరి మందివ్వండి” అన్నాను.

“చెరువులో చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే మా నాన్నగారు మందు చల్లరండీ. ముందు దిగి నీళ్ళు చూస్తారు. నేనూ ముందు లోపల చూడాలి.”

ఆ పూటే టీబీ మందులు ఆపించారు. అందులో ఒక మాత్ర, కిడ్నీని కాపాడే మాత్రల బలాన్ని తినేస్తుందట. అలాగే ఇంకొన్నాళ్ళు వాడి ఉంటే జబ్బు సంగతి దేవుడెరుగు, కిడ్నీ ముందు పోయేది. ఆ మాట విన్నప్పుడు తమ్ముడి ముఖం పాలిపోవడం నేను గమనించాను. విజయవాడలో ఆపరేషన్ చేసిన డాక్టరు గారికి మా ఎదురుగానే ఫోన్ చేశారు. తనకు తెలియనివి తెలియవని చెబుతూ, అడగవలసినవి అడుగుతూ చాలాసేపు మాట్లాడారు. ఓ పెద్ద డాక్టరు, రోగి ముందు కూర్చుని ఇంకో డాక్టరును ‘ఇది నాకు అర్థం కాలేదండీ, మళ్ళీ చెప్పండి’ అని అడగడం నేనెప్పుడూ చూడలేదు. తమ మీద గౌరవం తగ్గుతుందని భయపడతారు కదా అందరూ. నాకు మాత్రం అక్కడే ఆవిడ మీద గురి కుదిరింది.

ఆసుపత్రిలో చేర్చుకుని స్కాన్ తీశారు. ముక్కులోంచి సన్నటి గొట్టం ఊపిరితిత్తి దాకా దించి, లోపల ఉప్పునీళ్ళతో కడిగి, ఆ నీళ్ళు వెనక్కి లాగి, గోటి చివరంత ముక్క కూడా తీశారు. ఆ నీళ్ళూ ముక్కా పరీక్షకు పంపి ఊరుకోలేదు. తనే ల్యాబుకు వెళ్ళి మైక్రోస్కోపులో చూసి వచ్చారు. వచ్చి, ఫోనులో తీసుకున్న ఫొటో మాకు చూపించారు. నీలం రంగులో, వెడల్పాటి రిబ్బన్లు ముక్కలు చేసి చల్లినట్టుంది.

“అనుకున్న బూజేనండీ. కాకపోతే మామూలుగా వచ్చే రకం కాదు, అరుదుగా వచ్చేది. మామూలు రకమైతే మాత్రలతో లొంగేది. ఇది లొంగదు. దీనికి ఒక ఇంజెక్షన్ ఉంది, సెలైన్‌లా ఎక్కించాలి. మంచి మందు. కానీ కిడ్నీని ఇబ్బంది పెట్టొచ్చు. పైగా మీరు వేసుకునే మాత్రలు కూడా కొన్నాళ్ళు తగ్గించాలి, ఒంటికి కాస్త బలం రావాలి కదండీ. అప్పుడు ఒళ్ళు కిడ్నీ మీద తిరగబడొచ్చు. మందు వాడకపోతే మాత్రం ఈ బూజు ఆగదు. ఆలస్యం చేసే కొద్దీ నా చేతుల్లో ఏమీ ఉండదు.”

మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఊపిరిని కాపాడితే కిడ్నీకి గండం, కిడ్నీని కాపాడితే మనిషే ఉండడు. ఆవిడ ఏదీ దాచకుండా, భయపెట్టకుండా చెప్పారు. మరదలు మంచం చివర పట్టుకుని నిలబడిపోయింది. తమ్ముడు మాత్రం అంతా విని, ధాన్యం బేరం కుదరనప్పుడు చెప్పినట్టు మర్యాదగా, “వద్దండి ఆ మందు” అన్నాడు.

“ఏరా?” అన్నాను.

“వద్దక్కా. నీ కిడ్నీ నా చేతుల్లో పాడవడం నాకిష్టం లేదు. నువ్వు కోయించుకుని ఇచ్చావు. పిల్లా జెల్లా ఉన్నదానివి. నేనేమో పురి దగ్గర నిలబడి దాన్ని గాలికి ఒదిలేశాను. ఇంకా దాని మీదికే మందు ఎక్కించుకోమంటావా?”

నాకు కోపం వస్తే చెయ్యి ముందు లేస్తుంది. ఆసుపత్రని, వాడికి నలభై అయిదేళ్ళని మర్చిపోయి భుజం మీద ఒక్కటిచ్చాను. “నేనిచ్చింది నువ్వు బతకడానికిరా వెధవా! దాన్ని బీరువాలో పెట్టి పూజ చేయడానికి కాదు” అని అరిచాను. వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వాడి మొండితనం నాకు తెలుసు. చిన్నప్పుడు అలిగితే పూటలకు పూటలు అన్నం మానేసి గెలిచేవాడు. ఈసారి గెలిస్తే పోతాడు.

డాక్టరమ్మ గారి వెనకే వరండాలోకి పరిగెత్తాను. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. “అమ్మా, వాడి మాట వినకండి. రెండూ నిలబడవంటే వాణ్ణి నిలబెట్టండి. కిడ్నీ పోతే పోనివ్వండి. ఇచ్చినదాన్ని నేనే చెబుతున్నాను, ఆ మందు ఎక్కించేయండి. కావాలంటే నేను సంతకం పెడతాను” అన్నాను. ఇంకా ఏదేదో అన్నాను. రెండోది కూడా తీసుకోమన్నానని, నా వెనకే వచ్చిన మరదలు తర్వాత చెప్పింది.

ఆవిడ నా చెయ్యి వదిలించుకోలేదు. “ఇచ్చారు కదండీ, ఇప్పుడది ఆయనది. ఒప్పుకోవలసింది ఆయనే. మీరు పెట్టే సంతకం నాకు చెల్లదండీ” అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇంత చెప్పినా ఇంకా రూల్సేమిటని. తర్వాత తర్వాత ఆలోచిస్తే, ఆవిడ చేసిన అన్ని పనుల్లోనూ నేను ఎక్కువ దణ్ణం పెట్టుకునేది ఆ మాటకే. నా ఏడుపు చూసి కరిగిపోయి తమ్ముణ్ణి దబాయించి ఒప్పించి ఉంటే సులువుగా పని అయిపోయేది. మనిషి ఒళ్ళు ఆ మనిషిదేనని నమ్మేవాళ్ళు కష్టం వచ్చినప్పుడు కూడా నమ్మాలి కదా.

ఆ సాయంత్రం ఓపీ అయ్యాక మళ్ళీ వచ్చారు. తెల్లకోటు తీసేసి, మంచం పక్క స్టూలు మీద కూర్చున్నారు. కాసేపు వాడితో చేను గురించి మాట్లాడారు. ఏ రకం వేశారు, నీళ్ళు అందుతున్నాయా అని. వాడు పొడిపొడిగా చెప్పాడు. అప్పుడు, “ఒక్కటి అడుగుతానండీ. మీ అక్కగారిచ్చిన కిడ్నీ మీ ఒంట్లోనే ఉంది కదా. మీరు లేకపోతే అది ఎక్కడుంటుంది?” అన్నారు.

వాడి చెయ్యి కిడ్నీ పెట్టినచోటికి పోయింది.

“పాడవుతుందని నేను అనడం లేదు. పాడవదనీ చెప్పను. రోజూ రక్తం చూస్తాను. మందుకు ముందు సెలైన్ పెట్టి కిడ్నీని తడిగా ఉంచుతాను. అది అలిసిపోతోందనిపిస్తే ఒక పూట మందు ఆపుతాను. నాకు రెండూ కావాలండీ. కానీ మీరు వద్దంటే, రెండూ పోతాయి.”

వాడు కాగితం కోసం చెయ్యి చాపి, “సరేనండి” అన్నాడు. సంతకం పెట్టేటప్పుడు మాత్రం నా ముఖం చూడలేదు.

పసుప్పచ్చటి మందు. అది ఎక్కడం మొదలైతే మా వాడు మంచం అదిరిపోయేలా వణికేవాడు. మరదలు దుప్పట్లు కప్పి పైన చేతులు వేసి పట్టుకునేది. మరదలి ఒంట్లో అంత బలముందని నాకు అప్పుడే తెలిసింది. క్రియాటినిన్ అని ఒకటుంటుంది, అది పెరుగుతోందంటే కిడ్నీ చతికిలపడుతోందని అర్థం. అది పెరిగింది. మర్నాడు ఇంకా పెరిగింది. నేను ఏలూరులో ఉన్న దేవుళ్ళందరికీ మొక్కేశాను. ద్వారకా తిరుమల వెంకన్నకు నా జుట్టు కూడా ఇస్తానన్నాను. డాక్టరమ్మ గారు చెప్పినట్టే ఒక పూట మందు ఆపి, సెలైన్ పెంచి, ఇంకో మాత్ర తగ్గించి, విజయవాడకు ఫోన్ చేసి, మళ్ళీ మొదలుపెట్టారు. ఆదివారం కూడా వచ్చేవారు. వచ్చినప్పుడల్లా వాడి మూత్రం పట్టిన సీసాను వెలుతురులో పెట్టి, మా కొట్లో మేం మేలురకం బియ్యాన్ని చూసినంత శ్రద్ధగా చూసేవారు. అసహ్యమన్న మాట ఆవిడ ముఖంలో ఎప్పుడూ కనపడలేదు. నేను పెట్టే గొడవలకు నర్సులు నన్ను చూసి పక్కకు తప్పుకునేవారు గానీ ఆవిడ మాత్రం, “రండి, మీకే ముందు చెప్పాలి” అని రిపోర్టు పట్టుకుని నా దగ్గరికే వచ్చేవారు.

ఒకరోజు రిపోర్టు చూసి ఏమీ అనకుండా నా చేతికిచ్చారు. క్రియాటినిన్ పెరగలేదు. తర్వాత దిగడం మొదలైంది. మళ్ళీ స్కాన్ తీస్తే మచ్చ చిన్నదైంది. నేను వరండాలో అందరి ముందూ ఏడ్చాను. ఆవిడ, “ఇంకా ఉందండీ, ఇప్పుడే ఏడ్చేయకండి” అని నవ్వారు.

ఇంటికి పంపేటప్పుడు, అణిగిన బూజు మళ్ళీ లేవకుండా పెద్ద మాత్రలేవో ఇచ్చి నెలల తరబడి వాడమన్నారు. ముక్కిన పురిని మరదలు ఊళ్ళోవాళ్ళ చేత తీయించి పారేయించింది. ఇప్పుడు వాళ్ళ ధాన్యం మిల్లాడించి, బియ్యం మా కొట్లోనే ఉంచుతున్నాం. వాడు నా కొట్లోంచి బియ్యం తీసుకెళ్ళేటప్పుడు నేను ఏమీ దెప్పను. దెప్పాలని నాలుక ఎంత దురద పెట్టినా సరే.

ఈమధ్యే చివరి స్కాన్‌కి వెళ్ళాం. మరదలు ఇంట్లో పని ఉందని ఆగిపోయింది, మేమిద్దరమే వెళ్ళాం. మచ్చ ఉన్నచోట సన్నటి గీత మిగిలింది. బూజు మాత్రలు ఆపేయొచ్చన్నారు. కిడ్నీ మునుపటంత చురుగ్గా లేదు గానీ నిలబడింది, జాగ్రత్తగా చూసుకోవాలి అన్నారు. మా వాడు లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి, “మా అక్కిచ్చిన కిడ్నీ నిలబెట్టారండి, మీ రుణం తీర్చుకోలేనండి” అన్నాడు. ఆవిడకు ఆ దణ్ణం ఇబ్బందైంది. నవ్వుతూ, “మీ అక్కగారైతే కిడ్నీ పోతే పోనివ్వమన్నారండీ. నేనే ఒప్పుకోలేదు” అన్నారు. ఆ సంగతి నేను వాడికి ఎప్పుడో చెప్పి ఉంటాననుకున్నారు పాపం.

బయటికి వచ్చాక తమ్ముడు మాట్లాడలేదు. కారెక్కాక నేను స్కాన్ గురించి అన్నాను, పలకలేదు. ఎండ గురించి అన్నాను, పలకలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. దవడ బిగుసుకుని ఉంది. వాడికి కష్టం కలిగిందనుకున్నాను. అక్క ఇచ్చినదాన్ని అక్కే పొమ్మందని చిన్నబుచ్చుకున్నాడేమో, దాన్ని నేను తేలిగ్గా చూశాననుకున్నాడేమో అని నాలో నేనే మథనపడ్డాను. గుండుగొలను దగ్గర డ్రైవరు టీ కోసం ఆపాడు. నేను దిగి రెండు గ్లాసులు పట్టుకొచ్చి, వాడి వైపు తలుపు తీసి ఒకటి అందించాను. వాడు తీసుకోలేదు. కోపంతో ముఖం ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళున్నాయి.

“నన్నొక్క మాట అడక్కుండా, నా కిడ్నీని పోతే పొమ్మనడానికి నువ్వెవరక్కా?” అన్నాడు.

ఆపరేషన్ అయిన నాటి నుంచి వాడు దాన్ని ఒక్కసారైనా తనదని అనలేదు. అక్క కిడ్నీ, నీ కిడ్నీ, నువ్విచ్చింది అనే అన్నాడు. నేను రోడ్డు పక్కన గ్లాసులు రెండూ పట్టుకుని నిలబడిపోయాను. ఆ పూట వాడు నన్ను ఎన్ని మాటలన్నా పడదామనిపించింది.

“నేనెవర్నీ కాదులేరా, తప్పైపోయింది. టీ తాగు” అన్నాను.